మసకపరిగె వారి అమ్మవైపు

ఆషాఢంలో ఒక మంగళవారం నాడు, మంచినీటి చేపల పరిశోధన కేంద్రంలో పదకొండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్న డాక్టర్ అగ్గాల త్రిమూర్తులు మనిషి కాదనీ, మసకపరిగె అనే జాతి చేప అనీ కేంద్రం వారు ధ్రువపత్రం ఇచ్చారు. సంతకం, ముద్ర, తేదీ అన్నీ సక్రమంగా ఉన్నాయి. పేరులో ఒక అచ్చుతప్పు ఉంటే త్రిమూర్తులే చూపించి సరిచేయించుకున్నాడు. జాతి విషయంలో మాత్రం ఆ గదిలో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఉన్నది త్రిమూర్తులు ఒక్కడికే. చేపల అభ్యంతరాలు రాసుకోవడానికి తన ఫారంలో గడి లేదని గుమాస్తా మర్యాదగానే చెప్పాడు.

మసకపరిగె అంటే అరచేతిలో నాలుగైదు పట్టేంత చిన్న చేప. ఒంటి పొడవునా పొగచూరినట్టు ఒక గీత ఉంటుంది. ఊరికి ఉత్తరాన పారే కుంచెలవాగులో తప్ప లోకంలో మరెక్కడా దొరకదు. మూడేళ్ళ కిందట దాని మైటోకాండ్రియా జన్యుక్రమాన్ని చదివి శాస్త్ర ప్రపంచానికి సమర్పించినవాడు త్రిమూర్తులే. అది ఆయన మొదటి పరిశోధన పత్రం. దానికి అవార్డు కూడా వచ్చింది. ఇప్పటివరకు చివరిది కూడా అదే. దాని మొదటి పేజీని లామినేషన్ చేయించి, హాల్లో దేవుడి క్యాలెండరు తీసేసి ఆ మేకుకే తగిలించాడు. పెళ్ళి భోజనాల్లో పక్కన ఎవరు కూర్చున్నా పప్పు దగ్గర మొదలుపెట్టి మజ్జిగ దాకా మైటోకాండ్రియాయే వడ్డించేవాడు. బంధువులు ఆయన ఎక్కడ కూర్చున్నాడో చూసుకుని వేరే వరసలో కూర్చోవడం అలవాటు చేసుకున్నారు.

ఆ బంధువులకు ఆయన చెప్పేది ఇదీ. ప్రాణమున్న ప్రతి కణంలోనూ తిండిని శక్తిగా మార్చే చిన్న చిన్న పొయ్యిలుంటాయి. వాటినే మైటోకాండ్రియా అంటారు. ఆ పొయ్యిలకు సొంతంగా ఒక లిపి ఉంటుంది, పదహారు వేల పైచిలుకు అక్షరాలు. అది తల్లి దగ్గర్నుంచే పిల్లలకు వస్తుంది. తల్లికి వాళ్ళమ్మ ఇచ్చింది, ఆమెకు వాళ్ళమ్మ ఇచ్చింది. తండ్రి ఎంత గొప్పవాడైనా ఆ లిపిలో ఒక్క పొల్లు కూడా ఆయనది ఉండదు. ఏ చేపదైనా లిపి ఒకసారి చదివి రిఫరెన్సుగా నమోదు చేస్తే, ఆ తర్వాత ఏ ప్రాణిని పట్టుకున్నా దానితో పోల్చి, సరిపోతే ఆ జాతి అని తేల్చేస్తారు. త్రిమూర్తులు నమోదు చేసిన లిపికే మసకపరిగె అని పేరు.

చిక్కల్లా త్రిమూర్తులు వేలితో వచ్చింది. అంటుకుపోయిన కాగితాలైనా, ప్లాస్టిక్ సంచులైనా విడదీయాలంటే చూపుడు వేలు నాలుకకు రాసుకోవడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. నోట్లు లెక్కపెట్టేవాళ్ళూ, బస్సు టికెట్లు చింపేవాళ్ళూ చేసేదే ఆయన ప్రయోగశాలలోనూ చేశాడు. చేప ముక్కలు భద్రపరిచే పల్చటి సంచులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతికి తొడుగు వేసుకోకుండా ఆయన ఏనాడూ వాటిని ముట్టుకోలేదు. తొడుగు వేసుకున్నాకే, తొడుగు మీదే, వేలు తడి చేసుకునేవాడు. పరిశుభ్రత విషయంలో ఆయనకు అంత పట్టింపు. అందువల్ల యంత్రం చదివింది చేపను కాదు, త్రిమూర్తులు ఎంగిలిని. ఆ ఎంగిలిలోని లిపి ఆయనకు తల్లి అచ్చియ్యమ్మ ఇచ్చింది.

మూడేళ్ళూ ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఇంతలో కేంద్రానికి కొత్త యంత్రం వచ్చింది. దాని ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దల ముందు, డైరెక్టర్ శేషావతారం గారు సిబ్బంది అందరి బుగ్గల్లోనూ దూది పుల్ల తిప్పించి యంత్రంలో పెట్టించారు. అందరికీ తెర మీద ‘మనిషి’ అని వచ్చింది. త్రిమూర్తులు వంతు రాగానే ‘మసకపరిగె, పూర్తి సరిపోలిక’ అని వచ్చింది. యంత్రం అంత సూక్ష్మంగా చెప్పగలిగినందుకు పెద్దలు చప్పట్లు కొట్టారు. త్రిమూర్తులు కూడా అలవాటు కొద్దీ రెండు చప్పట్లు కొట్టి, ఆ తర్వాత ఆగాడు.

సాయంత్రం ఆయన డైరెక్టర్ గదికి వెళ్ళి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాడు. వేలు సంగతి కూడా దాచలేదు.

శేషావతారం గారు ఓపిగ్గా విన్నారు. “చూడండి త్రిమూర్తులు గారూ, మీరు చెప్పినట్టు ఆ రిఫరెన్సు తప్పయితే అది కేంద్రం తప్పవుద్ది. దానికి అవార్డిచ్చినోళ్ళ తప్పవుద్ది. మీరు చేపయితే ఎవరి తప్పూ కాదు కదండీ.”

“కానీ సార్, నేను మనిషిని.”

“కావొచ్చండి. నేను కాదంటన్నానా? రికార్డులో మాత్రం చేప. ఆయ్, కూర్చోండి, టీ చెప్తాను. టీ తాగొచ్చా మీరు?”

విచారణకు ఒక సంఘం వేశారు. మసకపరిగె మీద దేశంలో ఉన్న నిపుణుడు త్రిమూర్తులు ఒక్కడే కాబట్టి, త్రిమూర్తులు మసకపరిగె అవునా కాదా అని త్రిమూర్తుల్నే అడిగారు. కాదని ఆయన పదమూడు పేజీల అభిప్రాయం రాసిచ్చాడు. చేప తన గురించి తాను ఇచ్చుకున్న అభిప్రాయం చెల్లదని సంఘం దాన్ని పక్కన పెట్టింది. మనుషులందరి లిపీ కొంచెం అటూ ఇటూగా అలాగే ఉంటుంది కదా అని ఒక సభ్యుడికి సందేహం వచ్చింది. మిగతా సభ్యులు ఆయన్ని బిస్కెట్లు తీసుకోమన్నారు. సందేహం మినిట్స్‌లోకి ఎక్కలేదు.

ఇంటిదగ్గర ఆయన భార్య కనకరత్నం ధ్రువపత్రం రెండుసార్లు చదివింది. “పిల్లలో?” అని అడిగింది. పిల్లలకు తల్లి లిపే వస్తుంది కాబట్టి వాళ్ళు మనుషులేనని త్రిమూర్తులు చెప్పాడు. “మా వైపు పోలికొచ్చారు, బతికిపోయారు. నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నానండీ” అని ఆవిడ పత్రం మడిచి బీరువాలో పెట్టింది. ఆ రాత్రి త్రిమూర్తులు అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. గడ్డం దగ్గర, నోరు కాస్త తెరిచినప్పుడు, నిజంగానే పోలిక ఉన్నట్టనిపించింది. మూడేళ్ళు ఆ చేప గురించి గొప్పలు చెప్పుకున్నవాడికి ఆ మాత్రం పోలిక రాకుండా ఎలా ఉంటుందని తన మీద తనకే నవ్వొచ్చింది.

మిగతావన్నీ వాటంతటవే జరిగిపోయాయి. ఆయన జీతం ‘సిబ్బంది’ పద్దులోంచి ‘మేత’ పద్దులోకి మారింది. నెలకు ఇన్ని బస్తాల తవుడు, ఇంత వేరుశనగ చెక్క ఇంటికి వచ్చి పడేవి. కనకరత్నం వాటిని వీధి చివర గేదెలవాళ్ళకిచ్చి పాలు పోయించుకునేది. ఆషాఢ శ్రావణాలు చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ రెండు నెలలూ త్రిమూర్తుల్ని ఎవరూ కదిలించకూడదని ఉత్తర్వు వచ్చింది. అందుకని ఆయన బల్ల మీదకు ఫైళ్ళు రావడం ఆగిపోయింది. పదకొండేళ్ళుగా ఆయన్ని “మీరేమిట్లండీ?” అని సూటిగా అడగలేక, ఊరి పేరు, మామగారి పేరు, పండక్కి ఏం వండుకుంటారో అడిగి కులం ఆరా తీస్తూ వచ్చిన అకౌంటెంటు మాత్రం ఈ దెబ్బతో తేలికపడ్డాడు. “మసకపరిగెలంటగా. ముందే చెప్పొచ్చు కదండీ” అని మొదటిసారి మనసారా చెయ్యి కలిపాడు.

త్రిమూర్తులు ఇవన్నీ భరించేవాడే. భరించలేనిది ఒక్కటే. భాద్రపదంలో సీనియర్ సైంటిస్టు పోస్టుకు ఇంటర్వ్యూ ఉంది. దానికోసం ఆయన పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. తన కంటే వెనక చేరినవాళ్ళు ముగ్గురు అప్పటికే సీనియర్లయి ఆయన్ని “ఏవయ్యా” అంటున్నారు. ఆ పోస్టుకు మసకపరిగె మీద పరిశోధన చేసినవారు కావాలన్నారు. మసకపరిగెలు దరఖాస్తు చేయరాదన్నారు.

ఆయన మళ్ళీ శేషావతారం గారి దగ్గరకు వెళ్ళాడు. డైరెక్టర్ గారు నిబంధనల పుస్తకం తిరగేసి ఒక దారి కనిపెట్టారు. వంశానికి మూలమైన తల్లి చేప, అంటే అచ్చియ్యమ్మ గారు, మా వంశం ఆ జాతి నుంచి తప్పుకుంటోంది అని ఒక సంతకం పెడితే చాలు. రిఫరెన్సు అలాగే ఉంటుంది, త్రిమూర్తులు పత్రం అలాగే ఉంటుంది, ఆయన మనిషై ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చు.

“మరి జాతి సార్?”

“మీరు తప్పుకుంటే ఇంకెవరూ మిగలరు కదండీ. అంతరించిందని ప్రకటిస్తాం. దానికీ ఒక సభ పెడతాంలెండి, మీరే మాట్లాడుదురుగాని.”

ఈ లోగా కుంచెలవాగులో ఏం జరుగుతోందో చెప్పాలి. వాగులో ఉన్న పరిగెల్ని పట్టి యంత్రంలో పెడితే ఒక్కదానికీ త్రిమూర్తులు ఎంగిలితో పోలిక కుదరలేదు. కాబట్టి వాగులో మసకపరిగెలు లేవని తేలింది. మసకపరిగెలు లేని వాగుకు రక్షణ అవసరం లేదని కూడా తేలింది. అక్కడ పెట్టిన ‘రక్షిత ప్రాంతం’ బోర్డు పీకేసి, వాగు నీళ్ళు తోడుకోవడానికి ఒక కాంట్రాక్టరుకు అనుమతిచ్చారు. అరుదైన జాతికి సంబంధించిన శ్రద్ధంతా, నిబంధనల ప్రకారమే, గానుగల వీధిలో అచ్చియ్యమ్మ ఒంటరిగా ఉంటున్న రెండు గదుల ఇంటి మీదకు మళ్ళింది.

అచ్చియ్యమ్మకు డెబ్బై దాటాయి. ఒక కంటికి శుక్లం. గానుగల వీధి కుళాయి రోజు విడిచి రోజు కాసేపు దగ్గి ఊరుకుంటుంది. నీళ్ళ కోసం వీధి ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టారు. ప్రతిసారీ ముందు సంతకం అచ్చియ్యమ్మదే. ఏ అర్జీకీ జవాబు రాలేదు. ఆవిడే తల్లి చేపగా రికార్డుకెక్కిన మర్నాడే ఇంటి ముందు నీళ్ళ టాంకరు ఆగింది. అంతరించిపోతున్న జాతి నివాసానికి రోజూ తాజా నీరు అందించాలని చట్టంలో స్పష్టంగా ఉంది. టాంకరుతో పాటు ఒక ఉద్యోగి వచ్చి డ్రమ్ములో మీటరు ముంచి నీటిలో ప్రాణవాయువు ఎంతుందో రాసుకునేవాడు. రాసుకుని, “ఊపిరాడతందా అండీ?” అని ఆవిణ్ణి అడిగేవాడు. “ఆడతంది నాయనా, కాసిని మజ్జిగ తాగెళ్ళు” అనేది ఆవిడ.

ఒక చేపకు టాంకరంత నీళ్ళెందుకు? మిగిలినవి వీధి వీధంతా పట్టుకునేది. అచ్చియ్యమ్మ అరుగు మీద కూర్చుని ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అని తగువులు తీర్చేది. ఆవిడకు ఇంకొక సంతోషం కూడా ఉంది. ధ్రువపత్రంలో ‘వంశమూలం: అచ్చియ్యమ్మ’ అని మాత్రమే ఉంది. రేషను కార్డులో ఫలానా వారి భార్య అనీ, అంతకు ముందు ఇంకేదో కాగితంలో ఫలానా వారి కూతురు అనీ తప్ప, తన పేరు ఒంటరిగా ఎక్కడా చూసి ఎరగదు. “మీ నాన్న పేరు రాయక్కర్లేదంట్రా. మొగోళ్ళ వాటా లెక్కలోకే రాదంట” అని కొడుక్కి ఫోన్ చేసి మరీ నవ్వింది.

సోమవారం ఇంటర్వ్యూ అనగా ఆదివారం ఉదయం త్రిమూర్తులు ఆ తప్పుకోలు కాగితం చొక్కా జేబులో పెట్టుకుని గానుగల వీధికి వచ్చాడు. తల్లి ముందు పీట మీద కూర్చుని విషయమంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఇంటర్వ్యూ అన్న మాటే నాలుగైదుసార్లు వాడాడు గానీ, తనకు ఎంత ఆశగా ఉందో చెప్పలేకపోయాడు. ఆవిడకు చెప్పనక్కర్లేదు. నాలుగో తరగతిలో లీడర్ని చెయ్యలేదని అన్నం మానేసినప్పుడు ఎలా ఉన్నాడో ఇప్పుడూ అలాగే ఉన్నాడు.

“ఇది పెడితే నువ్వు మడిసివైపోతావా?”

“అవుతానమ్మా. నువ్వు కూడా.”

“నా సంగతి వొదిలెయ్. టాంకరాగిపోద్దా?”

“ఆగిపోద్ది.”

అచ్చియ్యమ్మ కాగితం కోసం చెయ్యి చాచింది. “పెడతాన్లే, నీకంటే ఎక్కువేట్రా నాకు? కాపోతే ముందు బయటికెళ్ళి రేపట్నించి నీళ్ళు రావని ఆళ్ళకి నువ్వే సెప్పిరా. నా నోటితో నే సెప్పలేను.”

అది న్యాయమే అనిపించి త్రిమూర్తులు లేచాడు. టాంకరు అప్పుడే వచ్చి ఆగింది. బిందెలు, బకెట్లు, పెయింటు డబ్బాలు వరసలో ఉన్నాయి. ఆయన్ని చూసి ఆడవాళ్ళు దారి ఇచ్చారు. “జరగండే, సేపగారొచ్చారు” అంది ఎదురింటి గురవమ్మ, వెటకారం లేకుండా. ఆవిడ కూతురు పురిటికి వచ్చి ఉంది. “మీ పున్నేన పిల్లదానికీ పసిదానికీ రోజూ నీళ్ళోసుకుంటన్నామండి బాబూ. పోయిన కాన్పుకి మూడ్రోజులకోసారి తడిగుడ్డతో తుడిసేవోళ్ళం” అంది. త్రిమూర్తులు గొంతు సవరించుకున్నాడు. అందరూ వినడానికి ఆగారు. ఆయన సంఘాల ముందు, సభల ముందు ఎన్నోసార్లు మాట్లాడినవాడే. “తోసుకోకండి, అందరికీ వస్తాయి” అని మాత్రం అనగలిగాడు. తన మీద తనకు చెప్పలేనంత అసహ్యం వేసింది. ఊరికే నిలబడలేక గురవమ్మ బకెట్టు అందుకుని గొట్టం కింద పెట్టాడు.

“ఎక్కడి నీళ్ళయ్యా ఇవి?” అని డ్రైవర్ని అడిగాడు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

“కుంచెలవాగువేనండి. వారం పది రోజులు వత్తాయేమో, అడుగంటేసింది. ఇయాల బురద కూడా వత్తంది, వడపోసుకోమనండి.”

అచ్చియ్యమ్మ డ్రమ్ము నిండాక, బురదగా వస్తున్న నీళ్ళు డ్రైవరు ఒక బకెట్టులోకి పట్టాడు. అరుగు మీదకు వచ్చిన అచ్చియ్యమ్మ చీర చెంగు అడ్డం పెట్టి ఆ నీళ్ళు వడపోస్తోంది. చెంగులో ఏవో తళుక్కుమంటూ ఎగిరిపడ్డాయి. ఒకటి కాదు, దోసెడు. ఆవిడ వాటిని మళ్ళీ నీళ్ళలోకి జార్చి, బకెట్టు వెలుగులోకి లాగి, కళ్ళు చికిలించింది.

త్రిమూర్తులు వంగి చూశాడు. అరచేతిలో నాలుగైదు పట్టేవి. ఒంటి పొడవునా పొగచూరిన గీత. బురద నీళ్ళలో పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. మూడేళ్ళుగా ఆయన వాటి గురించి మాట్లాడుతూనే ఉన్నాడు, వాటి పుణ్యాన తవుడు కూడా పుచ్చుకుంటున్నాడు, కానీ ప్రాణంతో ఉన్నదాన్ని చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. ఇందులో ఒక్కదాన్ని, వేలు నోటి దాకా పోనివ్వకుండా, యంత్రం దాకా తీసుకెళితే చాలు. చేప చేపవుతుంది, వాగు వాగవుతుంది, తాను మనిషవుతాడు. గోడ మీద లామినేషన్ చేసి ఉన్నది మాత్రం ఒట్టి ఎంగిలి అవుతుంది. రేపు ఇంటర్వ్యూలో చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. రేపట్నుంచి ఈ వీధిలో నీళ్ళూ ఉండవు. తెలియకుండానే ఆయన నోరు కూడా తెరుచుకుంది. చేపలకు కూడా ఇలాగే ఉంటుందేమోనని ఒక ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచనలకు కూడా రికార్డులో గడి ఉండదు.

“ఒరే మూర్తులూ, నాకు మసగ్గా కనపడతన్నాయి. సూడు” అంది అచ్చియ్యమ్మ. “ఇయ్యి మనోళ్ళేనా?”

వరసలో ఇంకా ఆరేడు బిందెలున్నాయి. గురవమ్మ మనవరాలు ఎక్కడో లోపల నుంచి ఏడుస్తోంది, స్నానం చేయిస్తున్నట్టున్నారు.

“కాదమ్మా” అన్నాడు త్రిమూర్తులు. “మనోళ్ళు కాదు.”

“అయితే చింతపండు నానెయ్యి.”

ఆయన సంతకం కాని కాగితం జేబులో ఉండగానే వంటింట్లోకి వెళ్ళి నిమ్మకాయంత చింతపండు తీసి గిన్నెలో వేశాడు. నీళ్ళకు కొదవ లేదు కాబట్టి ధారాళంగానే పోశాడు.